నీళ్ళలాంటి రంగు

ఎమ్మారై గదిలో కొత్తగా ఉద్యోగానికి చేరే పిల్లలు ముందు అయస్కాంతం కథలు అడుగుతారు. ఎవరి తాళాలగుత్తి ఎగిరిపోయింది, ఎవరి ఆక్సిజన్ సిలిండరు మిషనుకు అతుక్కుపోయింది, ఇవి. చెప్పడానికి సరదాగా ఉంటాయి కాబట్టి నేనూ కొంచెం కల్పించే చెబుతాను. రంగుమందు సంగతి మాత్రం ఎవరూ అడగరు. స్కాన్లు తీసే పని నుంచి ఇప్పుడు రిటైరయ్యాను, అయస్కాంతం కథలు కూడా అయిపోయాయి, అందుకని అడగకపోయినా అది చెబుతాను. ఇందులో నవ్వుకోడానికి పెద్దగా ఏమీ లేదు. ఉన్నంతవరకు అది కూడా నాది కాదు, ఒక ధర్మవరం మనిషిది.

రంగు అంటామే గానీ దానికి రంగు లేదు. సీసాలో చూస్తే అచ్చం నీళ్ళు. నరంలోకి ఎక్కిస్తే లోపలి గడ్డలు, వాపులు ఫిల్ములో తెల్లగా మెరిసి తేలిగ్గా పట్టుబడతాయి. కాంట్రాస్ట్ అని దాని పేరు. ఆ పేరు నోరు తిరగని మా రిసెప్షన్ అమ్మాయి దాన్ని రంగు అంది. హిందూపురం ఊరంతా రంగు అంది. దాంతో ఒక చిక్కు వచ్చిపడింది. కలర్ టీవీ వచ్చాక బ్లాక్ అండ్ వైట్ ఎవరు చూస్తారు? అక్కర్లేదని చెప్పినా వినకుండా, "మాకు రంగుదే తీయండి సార్, సగం సగం పని వద్దు" అని మడకశిర నుంచి కూడా వచ్చి గొడవపడేవాళ్ళు. రంగు వెయ్యని స్కాను తీయించుకున్నవాడు పెళ్ళిలో రెండో పంక్తిలో కూర్చున్నవాడిలా చిన్నబోయి ఇంటికి పోయేవాడు.

మందులో ఉండేది ఒక లోహం. ఒంటికి పడనిది. అందుకే దాన్ని ఇంకో రసాయనంతో కట్టేసి ఇస్తారు. ఆ కట్టు విడేలోపల కిడ్నీలు దాన్ని బయటికి తోసేస్తాయి. దాదాపు అందరిలోనూ అంతే, ఒకటి రెండు సార్లు మూత్రానికి పోయివస్తే కథ ముగిసినట్టే. కిడ్నీలు పడకేసిన మనిషిలో మాత్రం మందు లోపలే తిరుగుతూ ఉంటుంది. అప్పట్లో మేం వాడింది పాతరకం, దాంట్లో కట్టు కొంచెం వదులు. లోహం విడిపోయి చర్మంలో చేరితే చర్మం మందమెక్కి, గట్టిపడి, కీళ్ళు బిగుసుకుపోతాయి. దీనికి సరైన వైద్యం లేదు. చాలా అరుదు అని పుస్తకాల్లో రాశారు. అరుదు అనే మాట మా వృత్తిలో ఎంతోమందిని హాయిగా నిద్రపుచ్చింది.

మా పద్ధతి ఇది. ముసలివాళ్ళకు, షుగరు, బీపీ ఉన్నవాళ్ళకు, కిడ్నీ జబ్బుగానీ క్యాన్సర్‌గానీ ఉన్నవాళ్ళకు ముందు రక్తపరీక్ష చేసి కిడ్నీలు ఎలా ఉన్నాయో చూస్తాం. మిగతావాళ్ళను నోటిమాటగా అడుగుతాం. లేదంటే సరే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ధర్మవరం నుంచి భార్యాభర్తలు వచ్చారు. ఆయనకు యాభై దాటి ఉంటాయి. పట్టునూలుకు రంగులు అద్దే పని. ఆ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు, వేళ్ళ సందుల్లో చిలకాకుపచ్చ, గోళ్ళ కింద వంకాయరంగు. నడుం మీద చెయ్యి వేసుకుని, కుర్చీ ఉన్నా కూర్చోలేక గోడకు ఆనుకున్నాడు. ఆమె చేతిలో ఒక సంచి, ఆ సంచిలో ఇంకో సంచి, దాంట్లో పెనుకొండ డాక్టరు రాసిన చీటీ. వెన్నుపూసలో టీబీ ఏమోనని డాక్టరు అనుమానం. టీబీ అనుమానమంటే రంగు వెయ్యాల్సిందే.

కౌంటరు దగ్గర నేనే అడిగాను.

"షుగరు ఉందామ్మా ఆయనకు?"

"ల్యా సార్."

"బీపీ?"

"ల్యా."

"కిడ్నీల జబ్బు, క్యాన్సర్, అట్లాంటివి..."

నన్ను పూర్తి చెయ్యనివ్వలేదు. "అట్లాంటివి మా ఇండ్లల్లో యాడివి సార్! నడుం నొప్పి, అంతే. రంగు తొట్ల కాడ వంగి వంగి వచ్చింది. వద్దుపోయ్యా అంటే ఇంటాడా?"

నేను ఆయన వైపు తిరిగాను. "ఏమప్పా, పెద్ద జబ్బులేమన్నా ఉన్నాయా?"

"ఆమె చెప్పింది గదా సార్," అన్నాడు. గోడ మీద చంటిబిడ్డల టీకాల పోస్టరు ఉంటే దాన్ని శ్రద్ధగా చూస్తూ.

ఒంటి మీద లోహం ఉండకూడదని చెబితే ఉంగరం తీశాడు, చొక్కా జేబులో చిల్లర తీశాడు, చివరికి వెండి మొలతాడు విప్పి భార్య చేతిలో పెట్టాడు. "ఇది విప్పడం పెండ్లయినంక ఇదే మొదలు. జాగర్తే," అన్నాడు. ఆమె దాన్ని గుప్పిట్లో బిగించుకుని బయట కూర్చుంది.

మా సిస్టరు పరిగి దగ్గర పల్లె మనిషి. ఎంత సులువైన నరమైనా సరే, సూది గుచ్చేముందు "ప్రభువా" అనేది. అది విని కొందరు రోగులు తమకేదో పెద్ద ఆపద రాబోతోందని కంగారు పడేవాళ్ళు. ఆ రోజు ఆయన కంగారు పడలేదు. సిరంజి వంక చూశాడు.

"ఏం రంగమ్మా అది?"

"రంగేనప్పా."

"యాడుండాది రంగు? నీళ్ళు గదా ఇవి. ఈ రంగుతో చీరకు అద్దినానంటే మా సేటు నన్ను తొట్లోనే ముంచుతాడు."

సిస్టరు నవ్వి, ప్రభువును తలుచుకుని, మందు ఎక్కించింది.

ఫిల్ములు చూడటం మా డాక్టరమ్మ పని. ఆమె మాట్లాడితే రిపోర్టు చదివినట్టు ఉంటుంది, అవసరమైన మాట తప్ప ఇంకోటి రాదు. ఆ రోజు తన గదిలోంచి లేచి నా దగ్గరికే వచ్చింది.

"ఇది టీబీ కాదు. వెన్నుపూసలన్నీ తొలిచేసినట్టున్నాయి. ఇంట్లోవాళ్ళు ఏమన్నా చెప్పారా?"

"ఏమీ లేదన్నారు మేడమ్."

"మళ్ళీ అడగండి."

భార్యను పక్కకు పిలిచి అడిగాను. సంచిలో సంచి, దాని అడుగున చీర ముక్కలో చుట్టిన ఇంకో కవరు తీసింది. బెంగళూరులో పెద్దాసుపత్రిలో చేయించిన పరీక్షలు. ఎముక మూలుగలో పుట్టే రక్త క్యాన్సర్. ఎముకలను తొలుస్తుంది, చాలామందిలో చప్పుడు చెయ్యకుండా కిడ్నీలను కూడా పట్టుకుంటుంది. మగనికి ఎముకలు గుల్లబారినాయని, బలానికి మాత్రలని చెప్పి మింగిస్తోందట. పెనుకొండ డాక్టరుకూ చెప్పలేదు. చెబితే చీటీ మీద రాస్తాడని, రాస్తే ఎవరన్నా చదివి ఈయన చెవిన వేస్తారని.

"ఆయప్పకు చెప్పగాకండి సార్," అంది. "ఆ మాట ఇన్నాడంటే ఆ దినమే పోతాడు. మా మామ అట్లనే పోయినాడు, చెప్పిన వారానికి."

నేను చెప్పనన్నాను. డాక్టరమ్మ అప్పటికప్పుడు రక్తం తీయించింది. రిపోర్టు వచ్చాక దాన్ని రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసింది. కిడ్నీలు దాదాపు చేతులెత్తేశాయి.

"ఈ జబ్బని ముందే తెలిసుంటే రంగే అక్కర్లేదు," అంది. "రంగు లేకుండానే బాగా కనిపిస్తుంది ఇది."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

పెనుకొండ డాక్టరు తనకు చెప్పినదాన్నిబట్టి రాశాడు. మేం పద్ధతి ప్రకారం అడిగాం. ఆమె ప్రేమ కొద్దీ లేదంది. తప్పు ఎక్కడా దొరకదు. పద్ధతులు పెట్టుకునేది ఆ సౌకర్యం కోసమేనేమో అని నాకు అప్పుడప్పుడు అనుమానం.

వెంటనే బెంగళూరుకు పంపించాం. రంగుమందు ఇచ్చిన సంగతి, ఏ రకం ఇచ్చింది, అన్నీ డాక్టరమ్మ ఫోనులో అక్కడి డాక్టర్లకు చెప్పింది. భార్యకు కూడా ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయనకు మాత్రం చెప్పలేకపోయింది. రంగు మీకు పడకపోవచ్చు అంటే ఎందుకు పడదంటాడు, కిడ్నీలంటే కిడ్నీలకేమైందంటాడు. ఒక్క దారం లాగితే మొత్తం ఊడివస్తుంది. కాబట్టి కొంచెం నీళ్ళు తగ్గాయి, పెద్దాసుపత్రిలో చూపించండి అని ముగ్గురం ఒకే మాట చెప్పాం. అలా మేమూ వాళ్ళింటి దాపరికంలో చేరిపోయాం.

ఆయన ఆటో ఎక్కాక డాక్టరమ్మ, "ఆ చర్మం జబ్బు రాకపోవచ్చు. వస్తే కొన్ని వారాల్లో వస్తుంది. కాళ్ళల్లోనో చేతుల్లోనో మొదలవుతుంది," అంది.

"చేతుల్లోనా?" అంది సిస్టరు. ఆ వేళ్ళ మీది ఆకుపచ్చను తనూ చూసింది కదా.

బెంగళూరులో, నీళ్ళు తగ్గి కిడ్నీలు దెబ్బతిన్నాయని ఆయనకు చెప్పి డయాలసిస్ మొదలుపెట్టారు, క్యాన్సర్‌కు అసలు మందులూ మొదలుపెట్టారు. కొన్నాళ్ళకు, భార్య పుట్టిల్లు పరిగి కాబట్టి అక్కడ దిగి, డయాలసిస్‌కు హిందూపురం రావడం మొదలుపెట్టారు. ఆ కేంద్రం మా వీధిలోనే. అయిపోయాక బస్సు వచ్చేదాకా మా హాల్లో ఫ్యాను కింద కూర్చునేవాడు. నేను ఎదురుపోయి చెయ్యి కలిపేవాడిని. మన వైపు ఎవరు చెయ్యి కలుపుతారు? నమస్కారం పెడతాం, లేకపోతే "ఏమప్పా" అని తల ఎగరేస్తాం. ఆయనకు వింతగానే ఉండేది.

"ఏంది సార్, ఎలక్షన్లో నిలబడతాండావా?"

"టికెట్టు ఇస్తామంటున్నారప్పా."

అలా నవ్వుతూ ఆ చెయ్యి ఒత్తి చూసేవాణ్ణి. చర్మం లాగితే లేస్తోందా, వేళ్ళు నా చేతి చుట్టూ మూసుకుంటున్నాయా. మూసుకునేవి. లోపలికి వెళ్ళి గాజుతలుపులోంచి డాక్టరమ్మకు తల ఊపేవాణ్ణి. ఆమె కూడా తల ఊపి మళ్ళీ ఫిల్ముల్లో పడేది. సిస్టరు మధ్యాహ్నాలు డయాలసిస్ మంచం పక్కన కాసేపు కూర్చుని వచ్చేది. ప్రార్థన చేస్తున్నావా అని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. ఒక నెల దాటింది. గండం గడిచిందని ముగ్గురం ఎవరికి వాళ్ళమే అనుకున్నాం, పైకి మాత్రం ఎవరూ అనలేదు.

ఒకరోజు చెయ్యి కలిపితే, నా చేతిలోకి వచ్చింది చెయ్యి కాదు. పీట చెక్క పట్టుకున్నట్టు అనిపించింది. వేళ్ళు సగం వంగి అక్కడే ఆగిపోయాయి. గోళ్ళ కింద వంకాయరంగు ఎప్పుడో పోయింది.

"రెండు మూడు దినాల్నుంచి ఇట్లుండాది సార్," అన్నాడు. "ముద్ద కలపను రాదు. ఆమె తినిపిస్తాండాది. ఈ వయసులో ఏం వైభోగమో."

నేను తల ఊపడం మర్చిపోయాను. అది చూసి డాక్టరమ్మ తానే బయటికి వచ్చింది. ఆయన ముంజేతి మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడలేదు. కొద్ది దూరంలో కూర్చున్న భార్య లేచి నిలబడింది.

బెంగళూరులో చర్మం ముక్క తీసి పరీక్ష చేసి అదేనన్నారు. ఆ తర్వాత డాక్టరమ్మ ఆయన భార్యతో ఒకే మాట అంది: "మీ ఇంటి సంగతి నేను చెప్పను. కానీ చేతులకు ఏమైందో చెప్పకుండా ఉండలేను. అది మేం ఎక్కించిన మందు." కిడ్నీల మాట వరకు చెప్పండి చాలు అంది ఆమె.

డాక్టరమ్మ ఆయన ఎదురుగా కూర్చుని చెప్పింది. కిడ్నీలు ముందే చెడిపోయి ఉన్నాయని, అది మాకు తెలియదని, మేం ఇచ్చిన రంగు బయటికి పోకుండా చర్మంలో నిలిచిపోయిందని, మళ్ళీ మామూలు అవుతాయని మాట ఇవ్వలేనని. క్షమించమంది. మా వృత్తిలో ఆ మాట విన్నది నేను చాలా తక్కువ.

ఆయన తన చేతులను ఒళ్ళో పెట్టుకుని కాసేపు చూసుకున్నాడు.

"అంటే మీ రంగు దిగలేదంటారు," అన్నాడు.

డాక్టరమ్మ అవునన్నట్టు తల ఊపింది.

"మా దాంట్లో రంగు దిగకపోతే మెచ్చుకుంటారమ్మా. ఇంకో బేరం కూడా ఇస్తారు."

సిస్టరు గబగబా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఒకసారి, భార్య మందుల అంగడికి పోయినప్పుడు, నేను టీ గ్లాసు ఆయన నోటికి అందిస్తుంటే, నింపాదిగా అన్నాడు.

"నాకు క్యాన్సర్ అని తెలుసు సార్."

టీ కొంచెం ఆయన చొక్కా మీద పడింది.

"మొదట్నుంచి తెలుసు. బెంగళూరులో మేం కూర్చున్న చోట తలుపు మీద కన్నడంలో పెద్ద బోర్డు. నూలుకని ఆ పక్క సంతలకు ఎన్నేండ్లు తిరిగినానో. కన్నడం చదవను రాదా నాకు? ఆమెకు తెలీదు పాపం. ఇంగ్లీషు కాగితాలన్నీ చీరలో చుట్టి దాస్తాండాది, బోర్డు కింద నన్ను కూర్చోబెట్టి." నవ్వాడు. "దాచల్లంటే ఇంగ్లీషు బోర్డు ఉండే ఆసుపత్రికి పిలుచుకోని పోవల్ల గదా."

"మరి ఆ రోజు నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదప్పా? నిన్నే అడిగాను కదా."

"ఆమె పక్కనే ఉండె. అప్పుడే ల్యా అనింది. నేను ఉండాది అంటే మీ ముందర ఆమెను అబద్ధాలకోరును చేసినట్లు కాదా?" అన్నాడు. తర్వాత, "ఇంత అయితాదని తెలీదులే," అని, "మా ఆమెకు చెప్పగాకు సార్. నాకు తెలీకుండా పెట్టినానని ఒక్క ధైర్యంతో నిలబడుకోనుండాది," అన్నాడు.

ఆమెకు మాట ఇచ్చాను. ఆయనకూ ఇచ్చాను. ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులు ఒకరికొకరు ఒకే వస్తువును దాచిపెట్టుకుంటే, దాని కాపలాకు నేను.

ఆయన ఆ చలికాలం దాటలేదు. పోయింది క్యాన్సర్‌తో, రంగుతో కాదు. ఆ తేడా రిపోర్టులో రాయడానికి పనికొస్తుంది. చివరి నెలల్లో ఒంటిమీద వాలిన ఈగను తోలుకోలేకపోయాడని సిస్టరు చెప్పింది, అది ఏ రిపోర్టులోనూ రాయరు.

పిల్లలూ, ఇది విని రంగుమందంటే బెదిరిపోకండి. ఇప్పుడు వాడేవి గట్టి కట్టు ఉన్న కొత్తరకాలు, ప్రమాదం చాలా చాలా తక్కువ. రక్త క్యాన్సర్ రోగికైనా, కిడ్నీలు ఎలా ఉన్నాయో చూసుకుని, డాక్టరు అవసరమంటే ఇవ్వాల్సిందే. భయంతో మానేస్తే ఆ నష్టం వేరే. మీరు జాగ్రత్తగా ఉండాల్సింది సీసాతో కాదు, మీ ప్రశ్నతో. నలుగురి ముందు, కౌంటరు దగ్గర, మొగుడి ముందు పెళ్ళాన్ని, పెళ్ళాం ముందు మొగుణ్ణి అడిగి, లేదంటే లేదని రాసుకోకండి. మన ఇళ్ళల్లో పెద్ద జబ్బు పేరు పలికితే అది వినబడి ఇంట్లోకి వస్తుందన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఆ తర్వాత మా సెంటర్లో రెండుసార్లు అడగడం పెట్టాం. బయట ఇంటివాళ్ళను ఒంటరిగా: "ఆయనకు తెలియకుండా మీరు దాచింది ఏమన్నా ఉందా?" లోపల రోగిని ఒంటరిగా: "మీ వాళ్ళకు తెలియకుండా మీరు దాచింది ఏమన్నా ఉందా?" ఎన్ని బయటపడ్డాయో చెబితే మీరు పెళ్ళిళ్ళు చేసుకోరు. ఇక సిస్టరు సంగతి, మడమ బెణికిన పిల్లకాయకు కూడా కిడ్నీ పరీక్ష రాయమని డాక్టరమ్మతో పోట్లాడేది.

నేను రిటైరు కావడానికి కొద్దిరోజుల ముందు ఆ ధర్మవరం ఆయన భార్య వచ్చింది. తమ్ముడికి మోకాలు స్కాను. మోకాలికి రంగు అక్కర్లేదు, అయినా పద్ధతి పద్ధతే. తమ్ముణ్ణి లోపలికి పంపి, ఆమెను పక్కకు పిలిచి ప్రశ్న అడిగాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"మా వల్లనేనా సార్ ఇది పెట్టినారు?"

"అందరినీ అడుగుతామమ్మా."

"ఏమీ దాచలేదు సార్, వాడు బండి మీదనుంచి పడినాడు, అంతే." వెళ్ళబోయి వెనక్కి తిరిగింది. "ఒకటి అడగల్ల సార్. ఆయప్ప మీతో బాగా మాట్లాడతాండె. ఆయప్పకు తెలుసునా?"

అందరి నోటి నుంచీ నిజం చెప్పించడమే నా పని అని ఇంతసేపు మీకు ఉపన్యాసం ఇచ్చాను.

"తెలియదమ్మా," అన్నాను. "నడుం నొప్పనే అనుకునేవాడు. చివరిదాకా."

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుంటుందేమో అనుకున్నాను, తుడుచుకోలేదు.

"మీరూ మా ఇంట్లో మనిషి మాదిరే చెప్తాండారు సార్," అని, తమ్ముడి గడియారం, బెల్టు ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది.